ఏ భాషలో రాసిన క్లయింటైనా పిలవగలిగే వెబ్ సర్వీసు కట్టడం: మొదటి ఫైలు నుంచి పాత వెర్షన్ ఆపేదాకా

మీరు జావాలో రాసిన సర్వీసును మీరే జావాలో రాసిన క్లయింట్ పిలిస్తే అది పనిచేయడంలో గొప్పేమీ లేదు, రెండు వైపులా ఒకే లైబ్రరీ, ఒకే మనిషి ఊహలు. అసలు పరీక్ష వేరే. మీరెన్నడూ చూడని డెవలపర్ ఒకరు పైథాన్‌లోనో గోలోనో సీషార్ప్‌లోనో, మీ డాక్యుమెంట్ మాత్రమే ముందు పెట్టుకుని, మీకు ఒక్క మెయిల్ కూడా పెట్టకుండా పని పూర్తి చేసుకోగలగాలి. నా లెక్కలో ఇంటరాపరబిలిటీ అంటే అదే.

ఉదాహరణకి ఒక గ్రంథాలయం సర్వీసు అనుకుందాం: పుస్తకాలు వెతకడం, ఒక కాపీని రిజర్వ్ చేసుకోవడం, ఆలస్యమైతే జరిమానా. చిన్నదే, కానీ తేదీలు, డబ్బు, పేర్లు, ఒకే కాపీ కోసం ఇద్దరు పోటీ పడటం, అన్నీ ఇందులోనే వస్తాయి.

ముందు ఒక పాత సంగతి

స్టాండర్డ్ వాడితే చాలు, అన్నీ వాటంతటవే కలిసిపోతాయి అనుకునేవాళ్లు సోప్‌కి (ప్రోగ్రాములు ఎక్స్ఎంఎల్‌లో మెసేజ్‌లు పంపుకునే పద్ధతి) ఏం జరిగిందో తెలుసుకోవాలి. సోప్ 1.1 2000 మేలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ నోట్‌గా వచ్చింది, సర్వీసును వర్ణించే డబ్ల్యూఎస్‌డీఎల్ 1.1 మరుసటి ఏడాది వచ్చింది. రెండూ అందరికీ తెరిచి ఉన్న పత్రాలే, పెద్ద కంపెనీలన్నీ అమలు చేశాయి. అయినా ఒక టూల్‌కిట్ పంపిన మెసేజ్ ఇంకో టూల్‌కిట్‌కి చాలాసార్లు అర్థమయ్యేది కాదు, ఎందుకంటే ఒకే పనిని పలు రకాలుగా చేసే వీలు ఆ పత్రాల్లోనే ఉంది: ఫంక్షన్‌ను పిలిచినట్టు రాసే ఆర్‌పీసీ పద్ధతి ఒకటి, మొత్తం పత్రంగా పంపే డాక్యుమెంట్ పద్ధతి ఒకటి, మళ్లీ వాటిలో సోప్ సొంత నియమాలతో డేటా రాసే ఎన్‌కోడెడ్, స్కీమాలో ఉన్నట్టే రాసే లిటరల్ అని రెండు దారులు. చివరికి కంపెనీలన్నీ కలిసి 2002లో డబ్ల్యూఎస్-ఐ అనే సంస్థ పెట్టుకుని 2004లో బేసిక్ ప్రొఫైల్ 1.0 తెచ్చాయి. దాని పనల్లా ఉన్నవాటిలో ఏవి వాడాలో, ఏవి వాడకూడదో తేల్చడమే. సోప్ ఎన్‌కోడింగ్‌ను వద్దన్నారు, లిటరల్‌ను ఉంచారు.

స్టాండర్డ్ మీకు ఇచ్చే స్వేచ్ఛను మీరే తగ్గించుకోవాలి, ఆ తగ్గింపును రాసి పెట్టాలి, దాన్ని మనిషి కాకుండా మెషిన్ చెక్ చేయాలి. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ ఒక్క పనినే ఒక్కో చోట చేస్తుంది.

అడుగు 1: ఏది వాడాలో తేల్చుకోండి

బయటివాళ్లు పిలిచే సర్వీసుకి హెచ్‌టీటీపీ మీద జేసన్ (డేటాను టెక్స్ట్‌గా రాసే రూపం), వర్ణనకి ఓపెన్ఏపీఐ (సర్వీసు ఏం తీసుకుంటుందో, ఏం ఇస్తుందో మెషిన్ చదివేలా రాసే ఫైలు). ప్రత్యేక కారణం లేకపోతే ఇదే తీసుకోండి, ఎందుకంటే ఇవి లేని భాష, ఇవి తెలియని టూల్ దాదాపు లేవు. సర్వీసులు రెండూ మీ చేతిలోనే ఉండి వేగం ముఖ్యమైతే జీఆర్‌పీసీ (డేటాను బైనరీగా పంపుకునే పద్ధతి) మంచిదే, కానీ బ్రౌజర్ దానితో నేరుగా మాట్లాడలేదు, మధ్యలో జీఆర్‌పీసీ-వెబ్ లాంటిది కావాలి. అవతలి పక్షం సోప్ మాత్రమే ఇస్తానంటే సోప్‌తోనే మాట్లాడండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. కాకపోతే సోప్‌ను మీ లోపలికి రానివ్వకండి, అంచులో ఒక అడాప్టర్ (సోప్‌ను మీ రూపంలోకి మార్చే చిన్న కోడ్) పెట్టి అక్కడే ఆపండి.

అడుగు 2: కోడ్ కంటే ముందు కాంట్రాక్ట్ రాయండి

కోడ్ రాసేసి దాని నుంచి ఓపెన్ఏపీఐ ఫైలు, అంటే క్లయింట్లతో మీ కాంట్రాక్ట్, పుట్టించడం సులువు, నేనూ కొన్నేళ్లు అలాగే చేశాను. ఇబ్బంది ఎక్కడంటే అప్పుడు మీ ఫ్రేమ్‌వర్క్ అలవాట్లే మీ కాంట్రాక్ట్ అయిపోతాయి, క్లాస్ పేరు మారిస్తే బయటివాళ్ల కోడ్ విరుగుతుంది, ఏ ఫీల్డ్ తప్పనిసరి, ఏది కాదు అన్నది ఎవరూ ఆలోచించకుండానే తేలిపోతుంది. అందుకే ఫైలు ముందు, కోడ్ తరువాత.

స్వాగర్ పేరుతో మొదలైన ఈ స్పెసిఫికేషన్ 2015లో లినక్స్ ఫౌండేషన్ కింద ఉన్న ఓపెన్ఏపీఐ ఇనీషియేటివ్‌కి చేరింది. 3.0 వెర్షన్ 2017లో, 3.1 వెర్షన్ 2021లో వచ్చాయి. ఈ రెండింటి మధ్య తేడా చిన్నది కాదు: 3.1 పూర్తిగా జేసన్ స్కీమా (జేసన్ డేటా ఎలా ఉండాలో వర్ణించే ప్రమాణం) 2020-12తో కలిసిపోయింది, 3.0లో ఉన్న, విలువ ఖాళీ కావచ్చని చెప్పే నలబుల్ అనే గుర్తు 3.1లో లేదు, దాని బదులు టైప్ జాబితాలోనే నల్ (విలువ లేదు) అని రాయాలి. మీరు వాడబోయే జనరేటర్ (ఫైలు నుంచి క్లయింట్ కోడ్ పుట్టించేది), గేట్‌వే, టెస్ట్ టూల్ అన్నీ 3.1ను సరిగా చదువుతున్నాయో లేదో ముందే ఒక చిన్న ఫైలుతో చూసుకోండి, ఒక్కటి చదవకపోయినా 3.0తోనే ఉండండి. కొత్త వెర్షన్ కోసం సగం టూల్స్‌ను వదులుకోవడం దండగ.

ఫైలులో ప్రతి ఆపరేషన్‌కీ ఆపరేషన్ ఐడీ ఇవ్వండి, జనరేటర్లు ఫంక్షన్ పేర్లు అక్కడి నుంచే తీసుకుంటాయి, మీరు ఇవ్వకపోతే ఒక్కో జనరేటర్ ఒక్కో పేరు కల్పిస్తుంది. ప్రతి రెస్పాన్స్‌కీ నిజమైన ఉదాహరణ పెట్టండి, తప్పు జరిగినప్పుడు వచ్చే రెస్పాన్స్‌కి కూడా. ఆ తరువాత స్పెక్ట్రల్ అనే లింటర్‌ను (ఫైలులో నియమాలు తప్పితే చెప్పే టూల్) నడపండి. మీరు పెట్టుకున్న నియమాలు, ఉదాహరణకి ఫీల్డ్ పేర్లు ఒకే శైలిలో ఉండాలి, ప్రతి స్ట్రింగ్‌కీ గరిష్ఠ పొడవు ఉండాలి లాంటివి, అందులో రాసి ప్రతి కమిట్‌కీ తనిఖీ అయ్యేలా చేయండి. అప్పుడు రివ్యూలో శైలి గురించి గొడవ పడాల్సిన పని ఉండదు.

ఆ ఫైలును ప్రిజమ్ లాంటి మాక్ సర్వర్‌కి ఇస్తే అది వెంటనే ఉత్తుత్తి సమాధానాలు ఇచ్చే సర్వీసుగా నిలబడుతుంది. దాని మీద క్లయింట్ వైపు మనిషిని ఒక పూట పనిచేయమనండి. ఆ ఒక్క పూటలో బయటపడే లోపాలు, మీరు మొత్తం కోడ్ రాశాక బయటపడితే వారాలు తింటాయి.

అడుగు 3: డేటా రూపం

ఎక్కువ సర్వీసులు ఇక్కడే దెబ్బతింటాయి, కాబట్టి కాస్త ఆగి చదవండి.

ముందు అంకెలు. జేసన్ వ్యాకరణంలో అంకెకి పరిమితి లేదు, కానీ జావాస్క్రిప్ట్‌తో సహా చాలా చోట్ల అది 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్‌గా చదవబడుతుంది, అంటే 9007199254740991 దాటిన పూర్ణాంకాలు కచ్చితంగా నిలుస్తాయన్న భరోసా లేదు. ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. ఒకసారి మా సర్వీసు డేటాబేస్ నుంచి 64 బిట్ల ఐడీలను అంకెలుగా పంపేది, జావా క్లయింట్లకి ఏ సమస్యా లేదు, బ్రౌజర్ క్లయింట్‌లో మాత్రం అప్పుడప్పుడు వేరే మనిషి రికార్డ్ తెరుచుకునేది. రెండు రోజులు క్యాష్‌ను అనుమానించాం. చివరికి తేలిందేమంటే 9007199254740993 అని పంపితే అవతల 9007199254740992 అని చదువుకుంటోంది, ఏ ఎర్రరూ లేకుండా, ఏ లాగ్‌లోనూ కనపడకుండా. అందుకే ఐడీ ఏదైనా సరే స్ట్రింగ్‌గానే పంపండి. ఐడీలతో ఎవరూ కూడికలు చేయరు కదా.

డబ్బు ఫ్లోట్‌గా వద్దు. అతి చిన్న ప్రమాణంలో పూర్ణాంకంగానో, దశాంశ స్ట్రింగ్‌గానో పంపండి, పక్కనే ఐఎస్ఓ 4217 కరెన్సీ కోడ్ తప్పకుండా ఉంచండి. ప్రతి కరెన్సీకీ రెండు దశాంశాలే ఉంటాయనుకుని వందతో భాగించేవాళ్లు చాలామంది, జపాన్ యెన్‌కి అసలు దశాంశాలే లేవు, కువైట్ దినార్‌కి మూడు. ఏ కొలతైనా ఇంతే, ప్రమాణం పేరు డేటాలోనే కనపడాలి. 1999 సెప్టెంబరులో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గర పోయింది, భూమి మీది ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో ఇచ్చిన విలువలను ఇంకోటి న్యూటన్-సెకన్లుగా తీసుకుంది. రెండు ప్రోగ్రాముల మధ్య ప్రమాణం కుదరకపోవడం, అంతే.

తేదీ, సమయాలకి ఆర్‌ఎఫ్‌సీ 3339 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాలు) రూపం వాడండి, ఆఫ్‌సెట్ (యూటీసీకి ఎంత తేడా అన్నది) లేకుండా ఒక్క సమయాన్ని కూడా పంపకండి. సెకను భిన్నాలకి ఎన్ని అంకెలైనా ఉండొచ్చని ఆ పత్రం అంటుంది, మీరు మాత్రం మూడు అని తేల్చేయండి, ఎందుకంటే ఒక భాష తొమ్మిది అంకెలు పంపితే ఇంకో భాష పార్సర్ ఆరు దగ్గరే ఆగిపోవచ్చు. పుస్తకం తిరిగి ఇవ్వాల్సిన రోజు లాంటిది సమయం కాదు, ఉత్త తేదీ, దానికి అర్ధరాత్రి సమయం అంటగడితే ఇంకో టైమ్‌జోన్‌లో అది ముందు రోజు అయిపోతుంది. రాబోయే రోజుల్లో స్థానిక సమయం ప్రకారం జరిగేవాటికి, ఉదాహరణకి గ్రంథాలయం తెరిచే వేళకి, ఆఫ్‌సెట్ సరిపోదు, యూరప్/లండన్ లాంటి, ఐఏఎన్ఏ టైమ్‌జోన్ జాబితాలోని పేరు కావాలి. ప్రభుత్వాలు టైమ్‌జోన్ నియమాలు మారుస్తుంటాయి.

టెక్స్ట్ విషయంలో ఆర్‌ఎఫ్‌సీ 8259 స్పష్టంగానే ఉంది, వేర్వేరు సిస్టమ్‌ల మధ్య వెళ్లే జేసన్ యూటీఎఫ్-8లోనే ఉండాలి. అంతటితో అయిపోదు. పేరు పొడవు 50 అని రాశారు సరే, 50 అంటే ఏమిటి? తెలుగులో ‘క్షి’ కంటికి ఒకే అక్షరం, యూనికోడ్‌లో నాలుగు కోడ్ పాయింట్లు (క, పొల్లు, ష, గుడి, ఒక్కోదానికి ఒక్కో సంఖ్య), యూటీఎఫ్-8లో 12 బైట్లు. జేసన్ స్కీమాలో పొడవు అంటే కోడ్ పాయింట్ల లెక్క, మీ డేటాబేస్‌లో బైట్ల లెక్క కావచ్చు, ఇంగ్లిష్ పేర్లతో టెస్ట్ చేసినంత కాలం రెండూ ఒకటే అనిపిస్తాయి. ఇంకోటి, ఐత్వం గుర్తును ఒకే కోడ్ పాయింట్‌గానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు, తెర మీద తేడా తెలియదు, పోల్చి చూస్తే మాత్రం రెండూ వేరు. వెతకడానికి, పోల్చడానికి ముందు యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (ముక్కలను వీలైన చోట ఒకే కోడ్ పాయింట్‌గా కలిపేది) మార్చుకోవాలని కాంట్రాక్ట్‌లోనే రాయండి. మీ టెస్ట్ డేటాలో తెలుగు, అరబిక్, ఇమోజీలు మొదటి రోజు నుంచే ఉండాలి.

ఇక ఫీల్డ్ లేకపోవడం, ఫీల్డ్ ఉండి నల్ కావడం. ఈ రెండూ ఒకటా వేరా అన్నది మీరు తేల్చకపోతే ఒక్కో భాష ఒక్కోలా తేలుస్తుంది. జేసన్ మెర్జ్ ప్యాచ్ (మారిన ఫీల్డులు మాత్రమే పంపి రికార్డ్‌ను మార్చే పద్ధతి) వాడితే నల్ అంటే ఆ ఫీల్డ్‌ను తీసేయమని అర్థం, ఖాళీ ఫీల్డులన్నిటికీ తనంతట తానే నల్ రాసి పంపే క్లయింట్ లైబ్రరీ ఒకటి దీనికి తోడైతే డేటా చెరిగిపోతుంది. నా పద్ధతి ఇది: రెస్పాన్స్‌లో నల్ పంపను, విలువ లేకపోతే ఫీల్డే ఉండదు, ప్యాచ్‌లో మాత్రమే నల్‌కి అర్థం ఉంటుంది.

ఈనమ్‌లలో, అంటే ముందే తేల్చిన విలువల జాబితాల్లో, రేపు కొత్త విలువ చేరుతుంది, రిజర్వేషన్ స్థితి ఇవాళ మూడు రకాలు, రేపు నాలుగు. తెలియని విలువ వస్తే క్లయింట్ ఏం చేయాలో ఇప్పుడే రాసిపెట్టండి, లేకపోతే జనరేట్ అయిన జావా కోడ్ ఆ కొత్త విలువ చూసి ఎక్సెప్షన్ వేస్తుంది.

అడుగు 4: హెచ్‌టీటీపీని హెచ్‌టీటీపీలాగే వాడండి

హెచ్‌టీటీపీ ఎలా పనిచేయాలో చెప్పే ఆర్‌ఎఫ్‌సీ 9110, 2022 జూన్‌లో వచ్చింది. ఒకసారి కూర్చుని చదవండి, ముఖ్యంగా మెథడ్లు, స్టేటస్ కోడ్లు ఉన్న భాగాలు. తప్పు జరిగినా 200 (అంతా బాగుంది అనే కోడ్) పంపి లోపల ‘ఫెయిల్’ అని రాసే సర్వీసులు ఇప్పటికీ ఉన్నాయి. వాటితో ఇబ్బంది పడేది క్లయింట్ ఒక్కటే కాదు, మధ్యలో ఉన్న క్యాష్, ప్రాక్సీ, మానిటరింగ్ అన్నీ ఆ 200ను నమ్ముతాయి.

తప్పులను ఏ రూపంలో చెప్పాలో తేల్చిన ఆర్‌ఎఫ్‌సీ 9457 వాడండి, 2016లో వచ్చిన 7807 స్థానంలో 2023లో ఇది వచ్చింది. టైప్, టైటిల్, స్టేటస్, డీటెయిల్, ఇన్‌స్టన్స్ అని ఐదు ఫీల్డులు, అవి చాలకపోతే మీ సొంతవి చేర్చుకోవచ్చు. క్లయింట్ నిర్ణయం తీసుకోవాల్సింది టైప్‌ను బట్టి, డీటెయిల్ మనిషి చదవడానికి మాత్రమే. ఈ మాట డాక్యుమెంట్‌లో రాయకపోతే ఎవరో ఒకరు డీటెయిల్ వాక్యంలో పదాలు వెతికే కోడ్ రాస్తారు, ఆ తరువాత మీరు ఆ వాక్యంలో కామా కూడా మార్చలేరు.

రిజర్వేషన్ చేసే రిక్వెస్ట్ సర్వర్‌కి చేరింది, పని జరిగింది, సమాధానం దారిలో పోయింది. క్లయింట్ మళ్లీ పంపుతుంది, అది న్యాయమే. పోస్ట్ ఐడంపొటెంట్ (మళ్లీ పంపినా ఫలితం మారనిది) కాదు కాబట్టి ఇప్పుడు రెండు రిజర్వేషన్లు. దీనికి నాకు నచ్చిన దారి, క్లయింటే ఒక యూయూఐడీ (ఇంకెక్కడా రానంత పెద్ద ఐడీ) పుట్టించి ఆ చిరునామాకి పుట్ పంపడం, ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకటే. ఐడంపొటెన్సీ-కీ అనే హెడర్ కూడా చాలామంది వాడతారు, ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్‌లో దానికో డ్రాఫ్ట్ ఉంది, అది వాడితే కీని ఎంతకాలం గుర్తుంచుకుంటారో, అదే కీతో వేరే బాడీ వస్తే ఏం చేస్తారో కూడా రాయాలి.

ఒకే రికార్డ్‌ను ఇద్దరు మారుస్తుంటే ఈట్యాగ్ (రికార్డ్ వెర్షన్ గుర్తు), ఇఫ్-మ్యాచ్ (ఆ వెర్షనే ఉంటేనే మార్చమనే హెడర్) ఉన్నాయి, పాత కాపీ చూసి మార్చబోయినవాళ్లకి 412 వెళ్తుంది. పేజీలకి తరువాతి పేజీ లింకును మీరే ఇవ్వండి, ఆర్‌ఎఫ్‌సీ 8288 లింక్ హెడర్ ఇందుకు సరిపోతుంది, క్లయింట్ పేజీ నంబర్లు లెక్కపెట్టుకుని యూఆర్ఎల్ కట్టుకునే అవసరం రాకూడదు. రిక్వెస్టులు మితిమీరితే 429, దాంతోపాటు ఎంతసేపాగి మళ్లీ రావాలో చెప్పే రీట్రై-ఆఫ్టర్ హెడర్.

అడుగు 5: భద్రత, క్లుప్తంగా

సొంత లాగిన్ పద్ధతి కనిపెట్టకండి. మెషిన్ నుంచి మెషిన్‌కి ఓఆత్ 2.0 (టోకెన్‌తో అనుమతి ఇచ్చే ప్రమాణం) క్లయింట్ క్రెడెన్షియల్స్, మనిషి ఉంటే పీకేసీఈతో (కోడ్ దొంగిలించినా పనికిరాకుండా చేసే అదనపు తాళం) ఆథరైజేషన్ కోడ్. యూజర్ పాస్‌వర్డ్‌ను క్లయింటే తీసుకునే పాత పద్ధతిని 2025 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9700 పూర్తిగా వద్దంది. జేడబ్ల్యూటీ టోకెన్ (సంతకంతో వచ్చే జేసన్ టోకెన్) వాడితే సంతకం ఒక్కటే చూసి వదిలేయకండి, అది మీ సర్వీసుకే జారీ అయిందా, ఎవరు జారీ చేశారు, గడువు ఉందా, ఏ అల్గారిదమ్ అన్నవి కూడా చూడండి.

టీఎల్ఎస్ సర్టిఫికెట్ దగ్గర ఒక మాట. మీ సర్వర్ మధ్యంతర సర్టిఫికెట్‌ను (మీ సర్టిఫికెట్‌ను అందరూ నమ్మే రూట్‌తో కలిపేది) పంపడం మరిచిపోతే చాలా బ్రౌజర్లు దాన్ని ఎలాగో తెచ్చుకుని పేజీ తెరుస్తాయి, కర్ల్ (కమాండ్‌లైన్ నుంచి రిక్వెస్ట్ పంపే టూల్), జావా క్లయింట్లు మాత్రం నమ్మలేమని ఆగిపోతాయి. ‘మా దగ్గర పనిచేస్తోందే’ అనే వాదన సగం ఇక్కడే పుడుతుంది. ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో బయటి మెషిన్ నుంచి కనెక్ట్ అయి మొత్తం గొలుసు వస్తోందో లేదో చూడండి.

అడుగు 6: పరాయి చేతులతో టెస్ట్ చేయండి

ఓపెన్ఏపీఐ జనరేటర్‌తో కనీసం రెండు భిన్నమైన భాషల్లో క్లయింట్ పుట్టించండి, ఒకటి టైపులు గట్టిగా పట్టించుకునేది, ఒకటి పట్టించుకోనిది, జావా, పైథాన్ అనుకోండి. రెండూ సీఐలో (ప్రతి మార్పుకీ తానే నడిచే బిల్డ్) ప్రతిసారీ పుట్టాలి, కంపైల్ కావాలి, నిజమైన సర్వర్‌ను పిలవాలి. మీ సొంత క్లయింట్ పాసైతే నాకు ధైర్యం రాదు, ఈ రెండూ పాసైతే కొంత వస్తుంది.

స్కీమాథెసిస్ అనే టూల్ మీ ఓపెన్ఏపీఐ ఫైలు చదివి, స్కీమా ఒప్పుకునే వింత ఇన్‌పుట్‌లను తానే పుట్టించి సర్వీసు మీదికి వదులుతుంది, 500 (సర్వర్ లోపం) వచ్చినా, డాక్యుమెంట్‌లో లేని రెస్పాన్స్ వచ్చినా పట్టుకుంటుంది. మొదటిసారి నడిపినప్పుడు వచ్చే జాబితా చూసి టెన్షన్ పడకండి, అందరికీ అలాగే వస్తుంది. క్లయింట్ బృందాలు మీకు తెలిసినవాళ్లే అయితే ప్యాక్ట్ అనే టూల్ కూడా పెట్టుకోండి, వాళ్లు నిజంగా ఏ ఫీల్డులు వాడుతున్నారో వాళ్ల టెస్టులే చెబుతాయి, ఏది తీసేస్తే ఎవరికి దెబ్బో ముందే తెలుస్తుంది.

బ్రౌజర్‌ను విడిగా టెస్ట్ చేయాల్సిందే, కర్ల్‌తో పనిచేసింది అక్కడ పనిచేయకపోవచ్చు. ఆథరైజేషన్ హెడర్ పెట్టి వేరే ఆరిజిన్ (వేరే సైట్ చిరునామా) నుంచి పిలిస్తే బ్రౌజర్ ముందుగా ఒక ఆప్షన్స్ రిక్వెస్ట్ పంపుతుంది, అందులో టోకెన్ ఉండదు. మీ సర్వర్ దానికీ టోకెన్ అడిగి 401 ఇచ్చిందంటే అసలు రిక్వెస్ట్ బయలుదేరనే బయలుదేరదు. అలాగే ఈట్యాగ్, లింక్, లొకేషన్ హెడర్లు మీరు పంపినా బ్రౌజర్‌లోని స్క్రిప్ట్‌కి కనపడవు, వాటిని ఎక్స్‌పోజ్-హెడర్స్ జాబితాలో చేర్చాలి.

అడుగు 7: మార్చడం, ఆపడం

రెస్పాన్స్‌కి కొత్త ఫీల్డ్ చేర్చడం మామూలుగా సురక్షితం, క్లయింట్లు తెలియని ఫీల్డులను వదిలేయాలని మీరు మొదటే రాసి ఉంటే. రిక్వెస్ట్‌లో కొత్త తప్పనిసరి ఫీల్డ్, ఉన్న ఫీల్డ్ టైపు మార్చడం, గరిష్ఠ పొడవు తగ్గించడం, ఇవన్నీ విరగ్గొట్టే మార్పులే. ఏది ఏ రకమో గుర్తుపెట్టుకోవడం మనిషి వల్ల కాదు, ఓఏఎస్‌డిఫ్ లాంటి టూల్ పాత ఫైలునీ కొత్త ఫైలునీ పోల్చి విరగ్గొట్టే మార్పు ఉంటే బిల్డ్‌ను ఆపేస్తుంది. తప్పక విరగ్గొట్టాల్సి వస్తే కొత్త వెర్షన్‌ను కొత్త పాత్‌లో పెట్టి రెండూ కలిపి నడపండి.

పాతదాన్ని ఆపేముందు దాని ప్రతి రెస్పాన్స్‌లోనూ రెండు హెడర్లు పంపండి. డెప్రికేషన్ హెడర్, ఆర్‌ఎఫ్‌సీ 9745, ఇది వాడవద్దని చెబుతుంది. సన్‌సెట్ హెడర్, ఆర్‌ఎఫ్‌సీ 8594, ఏ రోజు నుంచి పలకదో చెబుతుంది. ఒక జాగ్రత్త, మొదటిదాంట్లో తేదీ ఎట్ గుర్తు వెనక యూనిక్స్ సెకన్ల అంకెగా ఉంటుంది, రెండోదాంట్లో మామూలు హెచ్‌టీటీపీ తేదీ, రెండింటికీ ఒకే ఫంక్షన్ వాడితే ఒకటి తప్పుతుంది. హెడర్లు ఎవరూ చూడరని వదిలేయకండి, క్లయింట్ లైబ్రరీలో వాటిని చూసి హెచ్చరిక లాగ్ చేసే రెండు లైన్లు మీరే రాసి ఇవ్వండి. లాగ్‌లలో పాత పాత్‌ను ఏ క్లయింట్ ఐడీ ఇంకా పిలుస్తోందో వారం వారం చూడండి, మిగిలిన ఆ కొద్దిమందికి విడిగా రాయండి. ఆ జాబితా ఖాళీ అయ్యాక పాత పాత్ నుంచి 410 (ఇది ఇక లేదు అనే కోడ్) పంపండి, బాడీలో అదే 9457 రూపంలో కొత్త చిరునామా ఉంచండి.